తప్పిందా, తప్పించారా?

ఒకరు ఉదయగిరి మనిషి, విమానాల మెకానిక్. ఇంకొకరు ఆత్మకూరు విలేకరి. ఇద్దరినీ ఊరి పేర్లతోనే పిలుస్తున్నా.

ఉదయగిరి: ‘సాంకేతిక లోపం... తప్పిన పెను ప్రమాదం... ఊపిరి పీల్చుకున్న ప్రయాణికులు.’ ఈ మూడు ముక్కలూ మీ డెస్కుల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి అబ్బయ్యా. ఊరి పేరు మారుస్తారు, అచ్చేస్తారు. 2025 జులై 20న, ఆదివారం, తిరుపతి నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఇండిగో విమానం సుమారు 40 నిమిషాలు గాల్లో తిరిగి మళ్ళీ రేణిగుంటలోనే దిగింది. ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. ఏదో తేడా కనపడింది, మొండికి పోకుండా వెనక్కి తెచ్చారు. ప్రమాదం దానంతటది తప్పిందా, మనుషులు తప్పించారా? తప్పించిన పనిని కూడా గండం గడిచినట్టు రాస్తే, దుత్తలూరు నుంచి చెన్నై పోయి కువైట్ విమానం ఎక్కే ఆడమనిషి ఏమనుకోవాల?

ఆత్మకూరు: ఆ ఆడమనిషి తరఫునే నేనూ అడుగుతుండా అన్నా. ఇంతకీ ఆ విమానంలో చెడింది ఏంది? జీవితమంతా విమానాల కింద పడుకొని పనిచేసినోడివి, నువ్వు చెప్పు. మన చెవిన పడింది ‘సాంకేతిక కారణం’ ఒక్కటే. కారణం చెప్పనోడు భయం పెంచినట్టా, వెనక్కొచ్చిందని రాసినోడు పెంచినట్టా?

ఉదయగిరి: కారణం చెప్పాలంటే ముందు వెతకాల. వెతకడానికి టైము పడుతుంది. మీకు టైము లేదు. అదీ గొడవ.

ఆత్మకూరు: సరే, వెతికినాక ఎన్నిసార్లు చెప్పారు?

ఉదయగిరి: ఆ మాటకు తర్వాత వస్తా. ముందు లోపల ఏం జరుగుతుందో విను, ఇది మీ వార్తల్లో ఎన్నడూ రాదు. విమానం దిగినాక పైలట్ ఒక పుస్తకంలో రాయాల. టెక్ లాగ్ అంటాం. ఏసీ చల్లగా లేదన్నా అందులో ఎక్కాల, ఇంజిన్ అదిరిందన్నా ఎక్కాల. దానికి ఎదురుగా లైసెన్సున్న ఇంజనీరు తాను ఏం చేశాడో రాసి సంతకం పెట్టాల. ఏది పనిచేయకపోయినా పోవచ్చు, ఏది పనిచేయకపోతే కదలకూడదు అని ఒక జాబితా ఉంటుంది, ఎంఈఎల్ అంటారు. దాంట్లో కొన్నింటికి 3 రోజుల గడువు, కొన్నింటికి 10 రోజులు. గడువు దాటిందా, విమానం నేల మీదే.

రాత్రిపూట టార్చి పట్టుకొని చక్రాల దగ్గర వంగి చూస్తాం. బ్రేకు పక్కన సన్నటి పిన్ను ఒకటి పొడుచుకొని ఉంటుంది. బ్రేకు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. అంచుకు సమానంగా వచ్చిందంటే బ్రేకు మార్చాల్సిందే, వాదన లేదు. ఇంజిన్ ముందు నిలబడి ఫ్యాను రెక్కల అంచు వెంబడి చెయ్యి పోనిస్తాం. కంటికి ఆనని నొక్కు వేలికి తెలుస్తుంది. పనైనాక పనిముట్ల పెట్టె తెరిచి చూస్తాం. ఒక్కొక్క స్పానరుకు దాని ఆకారంలోనే గాడి కోసి ఉంటుంది. ఒక్క గాడి ఖాళీగా కనపడినా ఆ స్పానరు దొరికేదాకా విమానం పోదు. లోపల 180 మంది కూర్చొని తిట్టుకుంటున్నా పోదు. ఆ గంట ఆలస్యాన్ని మీరు ‘ప్రయాణికుల పడిగాపులు’ అని రాస్తారు. స్పానరు వెతికినోళ్ళ సంగతి ఒక్కరూ రాయరు.

ఆత్మకూరు: ఆ గాడి సంగతి ఇప్పుడే వింటుండా. వింటే మనసుకు ధైర్యంగా కూడా ఉంది. కానీ మమ్మల్ని ఆ పెట్టె దాకా రానిచ్చిందెవరు? గేటు దగ్గరే ఆపేస్తారు. లోపల జరిగే మంచిని దాచిపెట్టి, మంచి రాయలేదని మా మీద పడితే ఎట్లా?

ఉదయగిరి: అది న్యాయమే. ఒప్పుకుంటా.

ఆత్మకూరు: ఇంకో మాట. నీ వాదనంతా ఒక సంతకం మీద నిలబడి ఉంది. ఆ సంతకమే అబద్ధమైతే? ఒక ఎయిర్‌బస్ ఏ320 ఇంజిన్‌లో ఫలానా భాగాలు గడువులోగా మార్చాలని ఐరోపా భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఆ గడువులోగా మార్చలేదు. మార్చినట్టు రికార్డుల్లో చూపించారని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025 మార్చిలో మందలించింది. ఇది జనానికి తెలిసింది జులైలో, రాయిటర్స్ బయటపెట్టినాక. సంస్థ కూడా తప్పు ఒప్పుకొని, సరిదిద్దుకున్నామంది. గల్ఫ్‌కు పోయే మన పేదాసాదా ఎక్కువగా ఎక్కేది ఎవరి విమానమో నీకు చెప్పక్కర్లేదు. మార్చి నుంచి జులై దాకా ఆ కాగితం ఫైల్లోనే ఉంది. ఎవరో ఒకరు విలేకరి చేతికి ఇవ్వకపోతే ఇప్పటికీ ఫైల్లోనే ఉండేది.

ఉదయగిరి: చెయ్యని పనికి సంతకం పెట్టినోడిని నేను వెనకేసుకు రాను. మా వృత్తిలో అంతకంటే పెద్ద పాపం లేదు. కానీ ఒకటి గమనించు. దాన్ని పట్టుకుంది తనిఖీ చేసిన అధికారులే. వ్యవస్థ పట్టుకుంది.

ఆత్మకూరు: పట్టుకుంది వాళ్ళే, మూసిపెట్టిందీ వాళ్ళే.

ఉదయగిరి: సరే, లెక్కల్లోకి రా. దేశంలో విమాన సంస్థలు చెప్పిన సాంకేతిక లోపాలు 2022లో 528, 2023లో 448, 2024లో 421. పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇది. విమానాలు పెరుగుతున్నాయి, లోపాలు తగ్గుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద 2024లో 4 కోట్లకు పైగా విమానాలు ఎగిరితే, ప్రాణాలు పోయిన ప్రమాదాలు 7. విమానాల్లో ఉన్నవాళ్ళలో పోయింది 244 మంది. మన దేశంలో రోడ్ల మీద ఒక్క 2022లోనే 1,68,491 మంది పోయారు. విమానాల్లో ఏడాదికి పోయినంత మంది మన రోడ్ల మీద 13 గంటల్లోపే పోతున్నారు. సముద్రం మీద 3 గంటల దూరం దాకా ఒక్క ఇంజిన్‌తో నెట్టుకురావచ్చని రెండింజన్ల విమానానికి అనుమతి ఇవ్వాలంటే, ఆ రకం ఇంజిన్ గాల్లో ఆగిపోవడం 50,000 గంటలకు ఒకసారికి మించకూడదు. నెలకు 300 గంటలు తిరిగే ఇంజిన్‌కు అది దాదాపు 14 ఏళ్ళు.

దూరం ఎందుకు, మీ ఆత్మకూరు దారే చూడు. 2025 సెప్టెంబరు 17న సంగం మండలం పెరమన దగ్గర ఇసుక టిప్పరు ఎదురొచ్చి కారును గుద్దితే ఏడుగురు పోయారు. ఆత్మకూరు ఆస్పత్రిలో ఉన్న బంధువును చూడటానికి వస్తున్నవాళ్ళు. ఆ వార్త ఎన్నాళ్ళు నడిచింది?

ఆత్మకూరు: మరునాడు మొదటి పేజీ. తర్వాత లోపలి పేజీ. ఆ తర్వాత లేదు.

ఉదయగిరి: అహ్మదాబాద్ విమానం?

ఆత్మకూరు: నెలలు నడిచింది. నువ్వు ఎక్కడికి లాగుతుండావో తెలుసన్నా. కానీ దాంట్లోనుంచి నాకు తేలేది వేరే. విమానం గురించి తక్కువ రాయమని కాదు, టిప్పరు గురించి విమానానికి రాసినంత రాయమని. విమానం ఎందుకు ఇంత భద్రమైందో నువ్వే ఆలోచించు. ఒక్కటి కూలితే చాలు, దేశదేశాల నుంచి విచారణ బృందాలొస్తాయి. బ్లాక్ బాక్సు వెతుకుతారు. 30 రోజుల్లో తొలి నివేదిక రావాలంటారు. ఆ నివేదికను ప్రపంచంలో ఉన్న ప్రతి విమాన సంస్థా చదువుతుంది. జనం అడుగుతారు, పత్రికలు అడుగుతాయి, కోర్టులు అడుగుతాయి. పెరమన టిప్పరు బ్రేకులు ఎట్లా ఉన్నాయో, డ్రైవరు ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా ఉన్నాడో ఎవరు నివేదిక రాశారు? ఆ నివేదికను ఎన్ని లారీ ఆఫీసుల్లో చదివారు? వార్త ఆగినచోట విచారణా ఆగిపోయింది. నువ్వు గర్వంగా చెప్పే 244 అంకె వెనక డెబ్బై ఎనభై ఏళ్ళ గోల ఉంది. ఆ గోల చేసినోళ్ళలో మావాళ్ళూ ఉన్నారు.

ఉదయగిరి: ఈ మాట నేను ఇంతవరకు ఇట్లా ఆలోచించలేదు. కాదనను. కానీ గోల రెండు రకాలు అబ్బయ్యా. 2009 సెప్టెంబరు 2న వైఎస్సార్ హెలికాప్టర్ నల్లమలలో కూలింది. త్యాగి కమిటీ విచారించింది. గేర్‌బాక్సు ఆయిల్ ప్రెషర్ దగ్గర ఏదో హెచ్చరిక వచ్చింది, అది అంత ప్రాణాంతకమైంది కాదు. సిబ్బంది చివరి నిమిషాలు దాని మీద, చెక్‌లిస్టు పుస్తకం మీద పెట్టారు. ఈలోపు తుఫాను మబ్బులోకి పోయారు, పైనుంచి కిందికి తోసే గాలి పట్టేసింది. ఇదీ కమిటీ చెప్పింది. చిన్న లోపాన్ని చూస్తూ పెద్ద మబ్బును చూడకపోవడం. ఏ పైలట్ అయినా, ఏ మెకానిక్ అయినా గుండెల్లో రాసుకోవాల్సిన పాఠం. మరి 2010 జనవరిలో జరిగిందేంది? ఒక టీవీ చానెల్, ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన ఊహను తెచ్చి, ఒక పెద్ద కంపెనీ కుట్ర అన్నట్టు ప్రసారం చేసింది. ఆ రాత్రే రాష్ట్రమంతా ఆ కంపెనీ దుకాణాల మీద రాళ్ళు పడ్డాయి. ఆయిల్ ప్రెషర్ ఎవరికీ పట్టలేదు. ఇప్పటికీ మన ఊళ్ళలో ఎవరినన్నా అడుగు, కుట్ర అంటారే గానీ మబ్బు అనరు.

ఆత్మకూరు: ఆ ప్రసారాన్ని నేను సమర్థించను. సమర్థించే విలేకరి ఉంటే వాడు విలేకరి కాదు.

ఇద్దరి మధ్యా రాస్తున్నవాడిగా ఇక్కడ నా మాట ఒకటి చేర్చాలి. తెలుగునాట ఆకాశ ప్రమాదం అంటే మనసులో మెదిలేవి రెండే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగిని బలిగొన్నది, 2009లో వైఎస్సార్‌ను బలిగొన్నది. రెండూ హెలికాప్టర్లే. హెలికాప్టర్ నిర్మాణం వేరు, అది ఎగిరే ఎత్తు వేరు, దారి వేరు. రాడార్ నిఘాలో రోజూ అదే దారిన పోయే ప్రయాణికుల విమానానికీ దానికీ పోలిక పెట్టకూడదు. కానీ మనవాళ్ళ భయానికి ఆ తేడా తెలియదు. ఆ తేడా చెప్పడానికి మన పత్రికలు పెద్దగా శ్రమపడిందీ లేదు.

ఆత్మకూరు: ఇప్పుడు నేనొక కథ చెప్తా. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం, 189 మంది. 2019 మార్చి 10న ఇథియోపియాలో ఇంకోటి, 157 మంది. దాంట్లో మన దేశంవాళ్ళూ ఉన్నారు. రెండూ బోయింగ్ 737 మ్యాక్స్‌లే. ముక్కును కిందికి నొక్కే ఒక సాఫ్ట్‌వేర్, అది ఒక్క సెన్సర్ మాట నమ్మి నడిచేది. ప్రతిదానికీ రెండు మూడు ఉంటాయని నువ్వు ఎప్పుడూ చెప్తావే, అక్కడ లేకుండా పోయింది. పైలట్లలో చాలామందికి ఆ సాఫ్ట్‌వేర్ ఉందన్న సంగతే తెలియదు. కంపెనీ భద్రతా లెక్కల్లో ఎక్కడ లోపముందో, తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ సంస్థ ఆ పనిని కంపెనీకే ఎట్లా వదిలేసిందో పూసగుచ్చినట్టు రాసింది సియాటిల్ టైమ్స్. బోయింగ్ విమానాలు కట్టే ఊరి పత్రికే అది. ఆ ఊళ్ళో ఇంటింటికీ ఆ కంపెనీ జీతం వచ్చేది. అయినా రాసింది. 2020లో పులిట్జర్ వచ్చింది. మీ టెక్ లాగులు, మీ సంతకాలు, మీ ఎంఈఎల్‌లు అన్నీ సక్రమంగా ఉన్నా ఆ లోపం దొరికేది కాదు. అది డ్రాయింగు బల్ల మీదే పుట్టింది.

ఉదయగిరి: ఆ పత్రికకు నేనూ దండం పెడతా. కానీ కథలో సగం చెప్పావు. లయన్ ఎయిర్ విమానం కూలడానికి ముందు రోజు రాత్రి, అదే విమానం, అదే లోపం. పైలట్ చేతిలో కర్ర వణికిపోతూనే ఉంది దారి పొడుగునా. కాక్‌పిట్‌లో కూర్చున్న మూడో పైలట్ కూడా చెయ్యి కలిపితే ఎట్లాగో జకార్తాలో దించారు. దించినాక లాగ్‌లో ఏం రాశారు? వేగం, ఎత్తు చూపే అంకెలు కలవట్లేదని రాశారు. కర్ర వణికిన సంగతి రాయలేదు. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే, తెల్లారి ఆ విమానాన్ని కదిలించే ఇంజనీరు ఎవడూ ఉండేవాడు కాదు. మీ రాత కంటే ముందు మా రాత ఉంది అబ్బయ్యా. అది పోతే మీరెంత రాసినా లాభం లేదు.

మరి మనిషి ఎప్పుడు రాస్తాడు? రాస్తే తన మీదికి రాదని నమ్మకం ఉన్నప్పుడు. నేను స్పానరు పోగొట్టుకున్నానని నా అంతట నేను చెప్పగలిగినప్పుడు. రేపు నా పేరు టీవీలో ఎర్ర అక్షరాల్లో వస్తుందంటే, చెప్తానా? 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలి, కింద ఉన్నవాళ్ళతో కలిపి 260 మంది పోయారు. నెలకు తొలి నివేదిక వచ్చింది. ఇంధనం స్విచ్‌లు రెండూ సెకను తేడాతో ఆగిపోయాయని, ఎందుకు ఆపావని ఒకరంటే నేను ఆపలేదని ఇంకొకరన్నారని అందులో ఉంది. అంతే, ఆ రాత్రే తీర్పులిచ్చేశారు. చనిపోయిన పైలట్ మనసులో ఏముందో స్టూడియోల్లో కూర్చొని చెప్పారు. 90 దాటిన ఆయన తండ్రి సుప్రీంకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది, మీ కొడుకుదే తప్పని ఎవరూ అనలేరని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇది చూసిన ప్రతి పైలట్, ప్రతి మెకానిక్ ఏం నేర్చుకున్నాడనుకుంటావు?

ఆత్మకూరు: అది మా రంగానికి మచ్చే. ఆ తండ్రి ముందు నిలబడి ఏ సంపాదకుడూ సమాధానం చెప్పలేడు. కానీ అన్నా, ఆ వాక్యం మేము కల్పించింది కాదు. గంటల రికార్డింగులోనుంచి రెండు మాటలు తీసి, ఎవరు ఎవరితో అన్నారో చెప్పకుండా నివేదికలో పెట్టింది విచారణ సంస్థ. పెడితే మొత్తం పెట్టాల, లేదంటే అసలు పెట్టకూడదు. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఆ స్విచ్‌ల తాళం వదులవుతుందేమో చూసుకోండని అమెరికా సంస్థ 2018లో ఒక సలహా ఇచ్చింది, తప్పనిసరి కాదు కాబట్టి ఎయిర్ ఇండియా ఆ తనిఖీ చేయలేదు. దాని గురించి ఎంతమంది మాట్లాడారు? మనిషి మీద పడ్డంత తొందరగా యంత్రం మీద పడరు. యంత్రం వెనక కంపెనీ ఉంటుంది, వకీళ్ళుంటారు. చనిపోయినోడి వెనక ముసలి తండ్రి ఒక్కడే ఉంటాడు.

ఉదయగిరి: ఈ మాటలో మాత్రం నీతో నాకు తగాదా లేదు.

ఆత్మకూరు: సరిగ్గా చెప్తే ఎట్లా ఉంటుందో కూడా చూశాం. 2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ తనంతట తానే చెప్పింది. ఏ320 రకం విమానాల్లో ఒక కంప్యూటర్ సమాచారం తీవ్రమైన సౌర వికిరణానికి చెడిపోవచ్చు, సాఫ్ట్‌వేర్ మార్చాలి, ప్రపంచమంతా సుమారు 6,000 విమానాలు అని. మన దేశంలో 338. ఎన్ని పూర్తయ్యాయో డీజీసీఏ ఎప్పటికప్పుడు లెక్క ఇచ్చింది. ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎప్పటికి బాగవుతుంది, మూడూ ఒకేసారి చెప్పారు. మా ఆత్మకూరులో ఒక్కడు కూడా టికెట్ రద్దు చేసుకున్నట్టు నా చెవిన పడలేదు. రేణిగుంట విమానం గురించి అట్లా ఒక్క కాగితం ఇచ్చి ఉంటే, ‘తప్పిన పెను ప్రమాదం’ అని రాసే అవసరం మాకేంది?

ఉదయగిరి: ఇస్తే వేస్తారా? పదిహేను రోజులకు కాగితం వస్తుంది. ‘ఫలానా వాల్వు మార్చాం, విమానం బాగుంది’ అని ఉంటుంది. మొదటి రోజు ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంతే పెద్దగా వేస్తారా?

ఆత్మకూరు: అంత పెద్దగా వేయరు. అబద్ధం చెప్పను. కానీ జిల్లా పేజీలో నేను వేయిస్తా. పదిహేను రోజులు నోరు మూసుకోమంటే మాత్రం మూసుకోను. ఈలోపు వాట్సాప్‌లో విమానం రెక్క విరిగిందని తిరుగుతుంటుంది. వెనక్కొచ్చిన మాట వెనక్కొచ్చిందని ఆ రోజే రాస్తా, కారణం తెలిసిన రోజు కారణం రాస్తా. ‘పెను ప్రమాదం’ తీసేస్తా. అంతవరకు నీకు మాటిస్తా.

ఉదయగిరి: అయితే నేనూ ఒకటి ఇస్తా. ప్రతి లోపం, దాని కారణం, చేసిన మరమ్మతు డీజీసీఏ నెలనెలా బయటపెట్టాల. మెకానిక్ పేరు, పైలట్ పేరు లేకుండా.

ఆత్మకూరు: సంస్థ పేరు?

ఉదయగిరి: అక్కడే నాకు భయం. 2025లో జులై 23 దాకా 183 లోపాలు నమోదైతే అందులో 85 ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సంస్థలవేనని లెక్క వచ్చింది. చూసినోళ్ళందరూ అవే చెడ్డ విమానాలన్నారు. ఎక్కువ చెడినాయా, ఎక్కువ నిజాయితీగా రాశారా? ఆ అంకె చెప్పదు. పేర్లు పెట్టి పట్టిక వేస్తే, ‘ఈ నెల మన అంకె తగ్గాల’ అని పై నుంచి మాట వస్తుంది. విమానం బాగుపడి అంకె తగ్గదు. పుస్తకంలో రాయడం ఆగిపోయి తగ్గుతుంది. నేను చూసిన మనుషుల్లో అట్లాంటి ఒత్తిడికి నిలబడేవాళ్ళు కొందరే.

ఆత్మకూరు: పేరు తీసేస్తే, అబద్ధపు సంతకం పెట్టించిన సంస్థా నీ స్పానరు వెతికిన సంస్థా జనం కళ్ళకు ఒకటే అయిపోతాయి. కువైట్ పోయే మనిషికి టికెట్ కొనేముందు తెలియాల్సింది అదే గదా. రాయనోడిని పట్టుకునే దారి చెప్పు, సంస్థ పేరు తీసేయడానికి ఒప్పుకుంటా.

ఉదయగిరి: చెప్పాపెట్టకుండా వచ్చి, విమానాన్నీ లాగ్ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసే తనిఖీ. అది తప్ప వేరే దారి లేదు. పిన్ను అంచుకు వచ్చి ఉండి, పుస్తకంలో ఆ మాట లేకపోతే ఆ సంస్థ పేరు నువ్వే బ్యానర్‌గా పెట్టు.

ఆత్మకూరు: ఆ తనిఖీకి వచ్చేదెవరు? డీజీసీఏకి మంజూరైన పోస్టులు 1,063 అయితే ఉన్నది 553 మందేనని పార్లమెంటు స్థాయీ సంఘం 2025 ఆగస్టులో చెప్పింది. సగం కుర్చీలు ఖాళీ.

ఉదయగిరి: మరి ఈ ఖాళీల సంగతి మీ పేపర్లో ఏ పేజీలో వచ్చింది?

ఆత్మకూరు: నాకు గుర్తున్నంతలో లోపల, ఒక కాలమ్‌లో. అదే వారం ఎక్కడో విమానం వెనక్కి తిరిగితే అది మొదటి పేజీలో వచ్చింది. అది నాకూ నచ్చలేదు. కానీ నువ్వు అడిగిన పేర్లులేని పట్టిక ఈ 553 మంది చేతిలో పెట్టి నిద్రపోమంటే, నేను ఒప్పుకోను అన్నా.

ఉదయగిరి: నేనూ పేర్లు పెట్టమని ఒప్పుకోను. ముందు ఆ 510 కుర్చీలు నిండనీ, అప్పుడు మళ్ళీ అడుగు.